1972 ఎంజీబీ క్లచ్ పెడల్: పిన్ను అరిగింది, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. వెల్డింగా, బుష్షా?

రెడింగ్ తెనాలోడు (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. బండి 1972 ఎంజీబీ జీటీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, కుడివైపు స్టీరింగ్. నేనుండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. ఈ బండి పుట్టిన ఆబింగ్డన్ మా ఇంటికి గంట ప్రయాణం కూడా కాదు. 2021లో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. మా ఆవిడ దీన్ని "ముసలాయన" అంటుంది. "ఈ ఆదివారం కూడా ముసలాయన సేవేనా?" అని పొద్దున్నే మొదలుపెడుతుంది.

సంగతేమిటంటే, చలికాలం నుంచి రివర్స్ వేస్తే కర్రుమంటోంది. ఈ గేర్‌బాక్స్‌లో ముందు గేర్లు నాలుగింటికీ సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపి కర్రుమనకుండా పడేలా చేసే ఏర్పాటు) ఉంది, రివర్స్‌కి లేదు. అందుకే జబ్బు మొదట అక్కడ బయటపడినట్టుంది. తర్వాత ఫస్ట్ కూడా మొండికేయడం మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే గేర్ పడదు, వెనక వాడు హారన్ కొట్టడు (ఇది ఇంగ్లండ్ కదా) కానీ అద్దంలో వాడి మొహం కనిపిస్తూనే ఉంటుంది.

దగ్గర్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే ఐదు నిమిషాలు నడిపి, "క్లచ్ ప్లేటు పోయింది" అన్నారు. ఈ బండిలో క్లచ్ మార్చాలంటే ఇంజన్ బయటికి తీయాలి. 1100 పౌండ్లు అవుతుందని చెప్పి, దానికి తోడు "ఈ వయసు బండి కదా, విప్పితే ఇంకేం బయటపడతాయో" అని ఒక మాట. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కానీ నాకు ఒక్క అనుమానం. ప్లేటు అరిగితే క్లచ్ జారాలి కదా? ఎత్తు రోడ్డు మీద ఇంజన్ గోలపెట్టి బండి కదలకుండా ఉండాలి. నాది జారట్లేదు, బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. వదలడమే లేదు.

ఇవాళ శనివారం కదా అని బానెట్ ఎత్తి పెడల్ బాక్స్ మీద మూత విప్పాను. స్క్రూలు రెండు మూడు చేతికి అందవు, ఒకటి నా చేతి తోలు కూడా తీసుకుంది. మూత తీసి టార్చి వేసి, ఒక చేత్తో పెడల్‌ని మెల్లగా నొక్కాను. పెడల్ కదులుతోంది. మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ నొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) వెళ్ళే రాడ్ కదలట్లేదు! పెడల్ మరి కాస్త దిగాక అప్పుడు టక్కున రాడ్ కదిలింది. కింద పాదం పెట్టే చోట కొలిస్తే, అంగుళం దాకా పెడల్ ఊరికే దిగుతోంది.

కాటర్ పిన్ను (జారకుండా పెట్టే చీలిక పిన్ను) పీకి, పెడల్‌నీ రాడ్‌నీ కలిపే క్లెవిస్ పిన్ను బయటికి లాగాను. లాగడం అన్నాను కానీ, తిప్పితే తిరుగుతుంది, బయటికి రాదు. నడుము సన్నబడి గాడిలా పడిపోయింది, ఆ గాడి పెడల్‌ని పట్టుకుని కూర్చుంది. పెడల్‌ని కాస్త పైకెత్తి పట్టుకుంటే అప్పుడు వచ్చింది. అరచేతిలో పెట్టుకుని చూస్తే, రెండు చివర్లా మెరుస్తూ, మధ్యలో ఒకవైపు ఎలక కొరికినట్టు ఉంది. వర్నియర్ పెట్టి కొలిచిన లెక్కలు ఇవి:

పిన్ను అసలు సైజు 5/16 అంగుళం, అంటే 7.9 మి.మీ. నా పిన్ను నడుము 6.4. పెడల్‌లో రంధ్రం అడ్డంగా 8.0, ముందు నుంచి వెనక్కి 9.8. రాడ్ చివరి ఫోర్క్ చెవుల్లో రంధ్రాలు కూడా అరిగాయి, పొడుగు వైపు 8.6.

అన్నీ కలిపితే దాదాపు 4 మి.మీ. ఊరికే పోతోంది. యాభై ఏళ్ళ పైన ఒక్కసారైనా అక్కడ గ్రీజు చూసినట్టు లేదు. మూత కింద ఉంది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

కొత్త పిన్ను ఆర్డర్ పెట్టాను, అది రెండు మూడు పౌండ్ల వస్తువు. నా ప్రశ్న పెడల్ గురించి. కోడిగుడ్డు రంధ్రంలో కొత్త పిన్ను వేస్తే సగం పనే కదా? మూడు దారులు కనిపిస్తున్నాయి. సెకండ్ హ్యాండ్ పెడల్ కొనడం, రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్ళీ డ్రిల్ చేయడం, లేదా రంధ్రం పెద్దది చేసి బుష్ (లోపల తొడిగే చిన్న లోహపు గొట్టం) కొట్టడం. మీలో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకొక మాట, పెడల్ పక్కలకి కూడా ఊగుతోంది, పైన తిరిగే బోల్టు దగ్గర బుష్ కూడా పోయిందనుకుంటా.

స్పీడ్ శీను

బ్రో, ఇంజన్ తీసి క్లచ్ మార్చేయ్, ఒకేసారి గోల వదిలిపోతుంది. పాత బండ్లలో ఒకటి బాగుచేస్తే ఇంకొకటి పోతుంది. మా ఫ్రెండ్ ఒకడు ఇలాగే చిన్న చిన్నవి చేసుకుంటూ పోయి చివరికి బండే అమ్మేశాడు.

ఓహయో డాక్టర్ గారు

శీనూ, తొందరపడకు. తెనాలోడు గారు చెప్పింది నిజం. క్లచ్ జారడం ఒక జబ్బు, వదలకపోవడం ఇంకో జబ్బు. రెండోదానికి ముందు చూడాల్సింది పెడల్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న దారి.

నా దగ్గర 1967 రోడ్‌స్టర్ ఉంది, ఎడమవైపు స్టీరింగ్. ఇదే పాట నేను ఆరేళ్ళ క్రితం పాడాను. మీరు పిన్ను చూసి సంబరపడే ముందు ఒక కొలత తీసుకోండి. బండిని యాక్సిల్ స్టాండ్ల మీద పెట్టి (జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరవద్దు, దయచేసి), ఇంట్లో వాళ్ళెవరినైనా పెడల్ పూర్తిగా తొక్కమని, కింద గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) రాడ్ ఎంత కదులుతుందో స్కేలు పెట్టి చూడండి. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. దగ్గరగా రావాలి.

లెక్క ఇలా ఉంటుంది. మాస్టర్ బోరు (లోపలి వ్యాసం) ముప్పావు అంగుళం, స్లేవ్ బోరు అంగుళంపావు. వైశాల్యాల నిష్పత్తి దాదాపు 2.8. అంటే పైన 2.8 మి.మీ. కదిలితే కింద 1 మి.మీ. కదులుతుంది. మీ 4 మి.మీ. నష్టం కింద మిల్లీమీటరున్నర దాకా వస్తుంది. వినడానికి తక్కువే, కానీ మొత్తం ఉన్నదే అర అంగుళం, అందులో ప్లేటు వదిలేది ఆఖరి కొసలోనే. అక్కడ మిల్లీమీటరున్నర పోతే రివర్స్ కర్రుమనక ఏం చేస్తుంది?

చాలామంది అడిగేది ఇంకొకటి ఉంది. కింద స్లేవ్ వైపు కూడా ఒక పిన్ను, ఒక ఫోర్క్ ఉన్నాయి, అవీ అరుగుతాయి. వాటికి మీరు అంత కంగారు పడక్కర్లేదు. స్లేవ్ లోపల చిన్న స్ప్రింగు ఉంది, అది పిస్టన్‌ని ఎప్పుడూ బయటికి నెడుతూ ఆ వదులుని తనే పూడ్చుకుంటుంది. పైన పెడల్ దగ్గర అలా కాదు. రిటర్న్ స్ప్రింగు పెడల్‌ని వెనక్కి లాగి పెడుతుంది, కాబట్టి తొక్కిన ప్రతిసారీ ఆ వదులంతా దాటాకే పని మొదలవుతుంది.

అలాగే ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ని గబగబా రెండు మూడు సార్లు కొట్టి రివర్స్ వేసి చూడండి. అప్పుడు సాఫీగా పడితే పైపుల్లో గాలి ఉన్నట్టు. తేడా లేకపోతే మీ పిన్నే దొంగ. గేర్‌బాక్స్ దగ్గర ఉండే రబ్బరు గొట్టం పాతదైతే, తొక్కినప్పుడు అది ఉబ్బుతోందేమో కూడా ఓ కన్నేయండి.

రెడింగ్ తెనాలోడు (ఆదివారం మధ్యాహ్నం)

డాక్టర్ గారూ, చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే చేశాను. పాత పిన్నే మళ్ళీ పెట్టి కొలిచాను. మా ఆవిడ వాళ్ళమ్మతో ఫోన్ మాట్లాడుతూ పెడల్ తొక్కింది. "ఇప్పుడు తొక్కు" అంటే "ఆ అమ్మా, చెప్పు" అని వదిలేస్తోంది. నాలుగు సార్లలో మూడు సార్లు 11 మి.మీ. వచ్చింది, నాలుగోది ఫోన్ ఖాతాలో రాసుకున్నాను. పెడల్ కొట్టి చూసినా రివర్స్‌లో తేడా లేదు. గొట్టం మీద చెయ్యి వేసి చూశాను, ఉబ్బట్లేదు.

అయితే దొంగ దొరికినట్టే. ఇక వెల్డింగా, బుష్షా?

ఆటోనగర్ లేత్

బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేశాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీ బండి నేనెప్పుడూ చూడలేదు. కానీ దాని ఇంజన్ నాకు చుట్టమే. మా అంబాసిడర్లో ఉన్న 1489 సీసీ ఇంజనూ మీ 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. అందుకని చనువు తీసుకుని చెప్తున్నాను.

సెకండ్ హ్యాండ్ పెడల్ వద్దు. అదీ యాభై ఏళ్ళు ఎవడో తొక్కిందే, దాని రంధ్రం మీ రంధ్రానికి అన్నయ్య అవుతుంది.

బుష్ మంచిదే, కానీ ముందు రంధ్రం చుట్టూ ఎంత ఇనుము మిగిలి ఉందో కొలుచుకో. బుష్ వేయాలంటే 12 మి.మీ. దాకా తెరవాలి, అప్పుడు అంచు పల్చబడితే ఒక రోజు చిరుగుతుంది. పెడల్ మందం కూడా తక్కువే అయి ఉంటుంది, అంత పల్చటి బుష్ కొన్నాళ్ళకి వదులై తిరుగుతుంది. నేనైతే వెల్డింగే చేస్తాను.

ఇప్పుడు అసలు మాట. అందరూ తప్పు చేసేది వెల్డింగ్‌లో కాదు, మళ్ళీ రంధ్రం ఎక్కడ పెట్టాలన్న దాంట్లో. పూడ్చేశాక పాత సెంటర్ ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. అందుకని పూడ్చకముందే గుర్తు పెట్టుకోవాలి. ఒకటి ఆలోచించు: నువ్వు పెడల్ తొక్కితే రంధ్రం వెనక అంచు, అంటే డ్రైవర్ వైపు అంచు, పిన్నుని ముందుకి తోస్తుంది. కాబట్టి అరిగేది ఆ వెనక అంచే. ఇంజన్ వైపు అంచు దాదాపు అసలుదే. ఆ అంచు నుంచి 5/32 అంగుళం, అంటే 4 మి.మీ.కి వెంట్రుక తక్కువ, వెనక్కి కొలిస్తే నీ సెంటర్. ఒక మందపాటి అట్ట తీసుకుని, పైన బోల్టు తిరిగే రంధ్రాన్నీ, పెడల్ అంచుల్నీ దాని మీద గీసి, ఈ సెంటర్‌ని సూదితో పొడిచి పెట్టుకో. తర్వాత అట్టని పెడల్ మీద పెట్టి పంచ్ కొట్టు.

వెల్డింగ్ చేసే ముందు రబ్బరు తీసేయ్, గ్రీజు అంతా తుడిచేయ్. వేడి మీద నీళ్ళు పోయవద్దు, దానంతట అది చల్లారాలి. నీళ్ళు పోస్తే ఆ చోటు గట్టిపడి డ్రిల్ బిట్ ఏడుస్తుంది. ముందు 3 మి.మీ. బిట్, తర్వాత 6, తర్వాత 7.5, చివర్లో 5/16 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి నున్నగా చేసే పనిముట్టు). చేతి డ్రిల్ వద్దు, స్టాండు డ్రిల్లే, లేకపోతే రంధ్రం వాలిపోయి పిన్ను ఒక చెవి మీదే ఆనుతుంది.

గట్టి స్టీలు పిన్ను దొరుకుతుందని ఆశపడకు. పిన్ను మెత్తగానే ఉండనీ. అరిగితే అదే అరగాలి, రెండు పౌండ్లు పోతాయి. పిన్ను గట్టిదైతే పెడల్‌ని తింటుంది. ఫోర్క్ చెవులకీ ఇదే వైద్యం.

ఇంకొకటి, తిట్టినట్టు అనుకోకు. క్లచ్ పిన్ను చూశావు, పక్కనే బ్రేక్ పిన్ను చూశావా?

స్పీడ్ శీను

బాబాయ్ గారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. నా బండి పెడల్ కూడా ఇప్పుడే వెళ్ళి నొక్కి చూస్తా.

ఓహయో డాక్టర్ గారు

బ్రేక్ గురించి అన్న మాట వెయ్యి రూపాయలది. రెండు పెడల్సూ ఒకే బోల్టు మీద వేలాడతాయి. క్లచ్ పిన్ను తెగితే గేర్‌లో ఇరుక్కుంటారు, అంతే. బ్రేక్‌ది తెగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ దగ్గర 40 ఏళ్ళు దాటిన బండ్లకి ఏటా చేసే ఎంఓటీ పరీక్ష మినహాయింపు కదా. అంటే మీరు చూడకపోతే ఇంకెవరూ చూడరు.

రెడింగ్ తెనాలోడు (తర్వాతి శనివారం రాత్రి)

అయిపోయింది! ఆలస్యానికి కారణం మధ్యలో ఆఫీసులో రిలీజ్ ఉండటం.

బాబాయ్ గారూ, ముందు బ్రేక్ సంగతి. పిన్ను తీసి చూస్తే నడుము 7.3 ఉంది. క్లచ్ అంత ఘోరం కాదు, కానీ గాడి గోరుకి తగులుతోంది. రంధ్రం బాగానే ఉంది. పిన్ను మార్చేశాను. మీరు అడక్కపోతే మూత బిగించేసేవాణ్ణి, నిజం.

పెడల్ బయటికి తీయడానికి ఒక పూట పట్టింది. మాస్టర్ సిలిండర్ కదపలేదు, కాబట్టి గాలి తీసే పని తప్పింది. పైన తిరిగే బోల్టు మాత్రం కదలనంది. శుక్రవారం రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేస్తే పొద్దున్నే ఒక్క ఊపుకి వచ్చింది. డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరిపి, తల పెడల్స్ దగ్గర, కాళ్ళు సీటు వీపు మీదుగా పైకి పెట్టి పడుకున్నాను. వీధిలో కుక్కతో వెళ్తున్న ఒకావిడ ఆగి, బాగానే ఉన్నారా అని అడిగింది. రిటర్న్ స్ప్రింగు తీసేటప్పుడు అది ఎగిరి పోయింది, కార్పెట్ కింద దొరికింది. స్ప్రింగుకి ముందే ఒక దారం కట్టుకుంటే మంచిది, ఇది ఇకపై చేసేవాళ్ళకి.

అట్ట కోసం ఇల్లంతా వెతికితే మందంగా దొరికింది మా మరదలి పెళ్ళి శుభలేఖ ఒక్కటే. వినాయకుడి బొమ్మ వైపు గీయలేదు లెండి, వెనక వైపే గీశాను. ఇంజన్ వైపు అంచు నుంచి కొలిచి సూది పొడిచాను. పక్క వీధిలో ఒకాయన షెడ్డులో మిగ్ వెల్డర్ ఉంది, ఆయన పెడల్ రంధ్రాన్నీ ఫోర్క్ చెవుల్నీ పూడ్చి పెట్టాడు. ఫోర్క్ కోసం మాస్టర్ వెనక రబ్బరు తొడుగు జరిపి, సర్‌క్లిప్ తీసి రాడ్ బయటికి తీశాం. ఆ పని చేసేటప్పుడు బ్రేక్ ఆయిల్ రెండు చుక్కలు మడ్‌గార్డ్ మీద పడ్డాయి, వెంటనే నీళ్ళతో కడిగాను, పెయింటు బతికింది.

3 మి.మీ. బిట్ సులువుగానే దిగింది. 6 దగ్గర ఒక్క చోట కీచుమంది, వెల్డు కాస్త గట్టిపడ్డట్టుంది. మెల్లగా ఆయిల్ వేసుకుంటూ వెళ్ళాను. చివర్లో రీమర్ తిప్పాక కొత్త పిన్నుని రంధ్రం మీద పెట్టి బొటనవేలితో నొక్కితే, బీరువా సొరుగు మూసినట్టు మెత్తగా వెళ్ళి కూర్చుంది. అలా రెండు మూడు సార్లు ఊరికే తీసి పెట్టి చూసుకున్నాను.

పైన బుష్ కూడా కొత్తది వేశాను. పెడల్ ఇప్పుడు పక్కలకి ఊగడం లేదు.

కొలతలు: స్లేవ్ దగ్గర 12.5 మి.మీ. డాక్టర్ గారి లెక్క ప్రకారం రావాల్సిన దానికి దాదాపు సరిపోయింది. పెడల్ దగ్గర ఊరికే దిగేది ఇప్పుడు అర సెంటీమీటరు. రివర్స్ నిశ్శబ్దంగా పడుతోంది. మొదటిసారి పడినప్పుడు పడలేదేమో అనుకుని క్లచ్ వదిలితే బండి వెనక్కి వెళ్ళింది, టెన్షన్ వచ్చింది.

మొత్తం ఖర్చు: రెండు పిన్నులు, బుష్, కాటర్ పిన్నులు కలిపి 20 పౌండ్ల లోపే. రీమర్‌కి వేరే అయింది, అది మా ఆవిడకి చెప్పలేదు. వెల్డింగ్ చేసినాయన డబ్బు వద్దన్నాడు, పులిహోర పంపించాం.

ఓహయో డాక్టర్ గారు

శుభం. ఒక్క జాగ్రత్త. ఈ బండిలో రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కి విడదీసేది) బాల్ బేరింగ్ కాదు, గ్రాఫైట్ రింగు. మన ఊళ్ళ ట్రాఫిక్‌లో అలవాటైనట్టు సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి నిలబడవద్దు. న్యూట్రల్‌లో వేసి కాలు తీసేయండి. అది అరిగితే మాత్రం గ్యారేజీ వాడు చెప్పినట్టు ఇంజన్ తీయాల్సిందే.

ఆటోనగర్ లేత్

బాగుంది బాబూ. మూత బిగించే ముందు గ్రీజు పెట్టావా? ఏడాదికోసారి పెట్టు. ఆ పాత పిన్ను పారేయకు, దగ్గర నుంచి ఒక ఫోటో తీసి పెట్టు, మా అబ్బాయికి చూపించాలి.

రెడింగ్ తెనాలోడు

పెట్టాను బాబాయ్ గారూ, పెడల్ బాక్సంతా గ్రీజే. ఫోటో రెండు రోజులు ఆగండి. పిన్నుని మా వాడు స్కూల్లో చూపించాలని జేబులో వేసుకుపోయి అక్కడే వదిలేశాడు. సోమవారం తెస్తాడట.